పాఠం 9: కష్టమా, అన్యాయమా? – ఉచిత బ్రౌజర్ ప్లాట్‌ఫారం ఆటలు: ఒక విమర్శ

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ప్లాట్‌ఫారం ఆట అంటే ఏమిటో, అది బ్రౌజర్‌లోకి ఎలా వచ్చిందో వివరించగలుగుతారు.
• ఆటలోని కష్టాన్నీ అన్యాయాన్నీ వేరుచేసి చూపగలుగుతారు.
• ఒక ఆటపై ఆధారాలతో కూడిన విమర్శ రాయగలుగుతారు.

9.1 పరిచయం

ఒక కథను గాని సినిమాను గాని విమర్శించమంటే మనకు కొన్ని కొలమానాలు సిద్ధంగా ఉంటాయి. ఇతివృత్తం, పాత్రచిత్రణ, సంభాషణ, శిల్పం అంటూ మొదలుపెడతాం. కంప్యూటర్ ఆట దగ్గరికి వచ్చేసరికి మన మాటలు రెండే: "బాగుంది", "చాలా కష్టంగా ఉంది". రెండో మాటను మనం సాధారణంగా ఫిర్యాదుగానే వాడతాం. కాని కష్టం ఒక్కటే ఆటకు లోపం కాదు. చదరంగం కష్టమే. కష్టం లేని చదరంగాన్ని ఎవరూ ఆడరు.

అయితే కష్టంగా ఉన్న ప్రతి ఆటా మంచిదేనా? అదీ కాదు. కొన్ని ఆటలు పదేపదే ఓడించినా మళ్లీ ఆడాలనిపిస్తాయి. కొన్ని రెండోసారికే విసుగు పుట్టిస్తాయి. ఈ తేడా ఎక్కడినుంచి వస్తున్నదో గుర్తించడమే ఈ పాఠంలో మనం చేయబోయే పని. ఇందుకోసం డబ్బు చెల్లించకుండా బ్రౌజర్‌లో ఆడగలిగిన ప్లాట్‌ఫారం ఆటలను తీసుకుందాం. అవి చిన్నవి. ఒకటి రెండు గంటల్లో పూర్తి చేయవచ్చు, లేదా పూర్తి చేయలేమని తేల్చుకోవచ్చు. విమర్శ నేర్చుకునేవారికి ఇది అనుకూలం.

9.2 ప్లాట్‌ఫారం ఆట: నేపథ్యం

ఇంటర్నెట్ ఆగిపోయినప్పుడు క్రోమ్ బ్రౌజర్‌లో ఒక చిన్న డైనోసార్ బొమ్మ కనిపించడం మీరు చూసే ఉంటారు. స్పేస్ బార్ నొక్కితే అది పరుగు మొదలుపెడుతుంది. ఎదురయ్యే నాగజెముడు మొక్కలను దూకి తప్పించుకోవాలి. 2014లో వచ్చిన ఈ ఆటలో ఉన్నది ఒకే ఒక్క ప్రాథమిక చర్య: సరైన క్షణంలో దూకడం. ఈ చర్యకు ముందుకూ వెనక్కూ నడవడం, ఎత్తుపల్లాలు, ముళ్లు, గోతులు, కదిలే మెట్లు చేరిస్తే వచ్చేదే ప్లాట్‌ఫారం ఆట. ఆటగాడు ఒక పాత్రను నడిపిస్తూ, ఒక మెట్టు మీదినుంచి మరో మెట్టు మీదికి దూకిస్తూ గమ్యం చేర్చాలి.

ఈ రకం ఆటలకు బాట వేసినది జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 1981లో విడుదల చేసిన డాంకీ కాంగ్. అదే సంస్థ 1985లో తెచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ దీనికి ఒక స్థిరరూపం ఇచ్చింది. ఇక్కడ మీరు గమనించవలసిన ఆర్థిక విషయం ఒకటి ఉంది. డాంకీ కాంగ్ నాణెం వేసి ఆడే యంత్రం. ఆటగాడు త్వరగా ఓడిపోతే మరో నాణెం పడుతుంది. అక్కడ కష్టం ఆదాయమార్గం. మారియో ఇంటికి కొని తెచ్చుకునే ఆట. డబ్బు పెట్టి కొన్నాడు కనుక ఆటగాడు కష్టమైనా పట్టువిడవకుండా ఆడతాడు.

ఉచిత బ్రౌజర్ ఆటకు ఈ రెండు ఆధారాలూ లేవు. ఆటగాడు ఏమీ చెల్లించలేదు. విసుగు వస్తే ట్యాబ్ మూసి వెళ్లిపోవడానికి అతనికి ఒక్క సెకను చాలు. అందువల్ల ఈ ఆటలలో ప్రతి ఓటమి తరువాతా ఆటగాడి ముందు అదే ప్రశ్న నిలుస్తుంది: మళ్లీ ప్రయత్నించాలా, వదిలేయాలా? మళ్లీ ప్రయత్నించాలని అనిపించగలగడంలోనే ఆట తయారుచేసినవారి నేర్పు ఉంది. ఈ పాఠానికి ఇదే మూలసూత్రం.

2000 తరువాతి దశాబ్దంలో ఇటువంటి ఆటలు ఎక్కువగా ఫ్లాష్ అనే సాంకేతికతతో తయారయ్యాయి. న్యూగ్రౌండ్స్ వంటి వెబ్‌సైట్లు వాటికి వేదికలయ్యాయి. అడోబ్ సంస్థ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు స్వస్తి చెప్పింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్‌లో ఆటలు తెరుచుకోవడమే ఆగిపోయింది. అదృష్టవశాత్తూ రఫుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పాత ఫ్లాష్ ఆటలలో చాలావాటిని నేటి బ్రౌజర్లలో నడిపిస్తున్నది. ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా 2020 నవంబరు నుంచి వాటిని భద్రపరిచి ఆడే వీలు కల్పిస్తున్నది. ఈ పాఠంలో చెప్పుకునే పాత ఆటలు మీకు ఇలాంటి మార్గాలలో దొరుకుతాయి.

9.3 ఆకర్షణ: మొదటి నిమిషం

ఆటగాడు వెళ్లిపోకుండా ఆపేది ముందుగా ఆకర్షణ. దీనికి మంచి ఉదాహరణ బ్రాడ్ బోర్న్ 2006లో రూపొందించిన ఫ్యాన్సీ ప్యాంట్స్ అడ్వెంచర్ మొదటి భాగం. తెల్ల కాగితంమీద నల్ల గీతలతో గీసినట్లున్న ఒక బక్కపలచని మనిషి, వాడికి నారింజ రంగు ప్యాంటు. వాడి సొగసంతా కదలికలో ఉంది. వాలు దిగేటప్పుడు వేగం పుంజుకుంటాడు. ఆగమంటే టక్కున ఆగడు, కొంచెం జారి నిలదొక్కుకుంటాడు. ఆ వేగంతోనే గుండ్రటి వంపులు ఎక్కేస్తాడు. దారిలో సుడిగీతలు ఏరుకోవడం కన్నా ఊరికే పరుగెత్తించడంలోనే ఎక్కువ ఆనందం ఉంది.

విమర్శకులుగా మీరు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఈ ఆట సులభం. అయినా చవకబారుది కాదు. కదలికే ఇక్కడ బహుమతి. కీ నొక్కిన ప్రతిసారీ తెరమీద అందమైన జవాబు వస్తుంది. అయితే దీని పరిమితి కూడా ఇక్కడే ఉంది. దూకడం, జారడం అలవాటయ్యాక ఈ ఆట మిమ్మల్ని కొత్తగా అడిగేది తక్కువ. ఆకర్షణ ఆటగాణ్ణి లోపలికి పిలవగలదు. ఎక్కువసేపు కూర్చోబెట్టడానికి సాధారణంగా అది ఒక్కటే చాలదు.

9.4 న్యాయమైన కష్టం: సెలెస్ట్ తొలి రూపం

ఇప్పుడు కష్టమైన ఆటను చూద్దాం. మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ అనే ఇద్దరు 2015లో నాలుగు రోజులలో సెలెస్ట్ అనే చిన్న ఆటను తయారుచేశారు. 2018లో వచ్చిన పెద్ద సెలెస్ట్‌కు ఇదే బీజం. పికో-8 అనే వేదిక కోసం దీన్ని రాశారు. ఆ వేదిక తెర పరిమాణం అడ్డంగా 128, నిలువుగా 128 చుక్కలు మాత్రమే. రంగులు 16. ఇంత ఇరుకులో 30 గదులున్న ఒక కొండను కట్టారు. ఒక్కొక్క గది ఒక్కొక్క తెర. కింద మొదలుపెట్టి శిఖరం చేరాలి.

పాత్ర నడవగలదు, దూకగలదు, గోడను ఆసరా చేసుకుని పైకి ఎగరగలదు. వీటితోపాటు గాలిలో ఒక్కసారి ఎనిమిది దిక్కులలో ఏదో ఒకవైపుకు వేగంగా దూసుకుపోగలదు. ఆ దూకుడు వాడుకున్నాక మామూలుగా నేలను తాకితేనే మళ్లీ వస్తుంది. ఈ నియమాన్ని ఆట మాటల్లో చెప్పదు. పాత్ర జుట్టు చూపిస్తుంది. దూకుడు చేతిలో ఉంటే జుట్టు ఎర్రగా ఉంటుంది, వాడేసుకుంటే నీలంగా మారుతుంది. మీ కళ్లు ఎలాగూ పాత్ర మీదే ఉంటాయి కనుక, తెలుసుకోవలసిన సమాచారం సరిగ్గా మీరు చూస్తున్న చోటే దొరుకుతుంది. కాలు పెడితే కూలిపోయే ఇటుకలు కూడా కూలేముందు కాస్త కదులుతాయి. ఇక్కడ ముందస్తు హెచ్చరిక లేని ప్రమాదాలు అరుదు.

ఆటగాడికి కనిపించని దయ కూడా ఇందులో ఉంది. అంచు దాటి కాలు గాలిలోకి వెళ్లిన తరువాత కూడా, క్షణంలో చిన్న భాగం పాటు, దూకడానికి ఆట అనుమతిస్తుంది. ఆటల తయారీలో దీనిని కొయోటీ సమయం అంటారు. అమెరికన్ కార్టూన్‌లో కొండ అంచు దాటి గాలిలో పరుగెత్తే నక్కలాంటి జంతువు పేరుమీద వచ్చిన మాట ఇది. అలాగే నేలను తాకడానికి ఒక్క క్షణం ముందు దూకుడు మీట నొక్కినా ఆట దాన్ని గుర్తుపెట్టుకుని, నేల తగలగానే దూకిస్తుంది. పాత్రలో ప్రమాదానికి గురయ్యే భాగం కూడా తెరమీది బొమ్మకన్నా చిన్నదే. ముళ్లు రాసుకుపోయినట్లు కనిపించినా చాలాసార్లు బతికి బయటపడతారు.

అంటే కఠినంగా కనిపించే ఈ ఆట లోలోపల ఆటగాడి పక్షం వహిస్తున్నది. "సరైన సమయానికే నొక్కాను కదా" అని మీకు అనిపిస్తే, ఆట మీ మాట నమ్ముతుంది. న్యాయమైన కష్టానికి ఇది ముఖ్య లక్షణం.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
(అ) నాణెం వేసి ఆడే యంత్రానికీ ఉచిత బ్రౌజర్ ఆటకూ కష్టం విషయంలో ఉన్న తేడా ఏమిటి?
(ఆ) సెలెస్ట్ తొలి రూపంలో జుట్టు రంగు ఆటగాడికి ఏమి తెలియజేస్తుంది?

9.5 కష్టానికి మూడు ప్రశ్నలు

పై ఉదాహరణనుంచి మనం మూడు ప్రశ్నలు తయారుచేసుకోవచ్చు. ఏ ఆటకైనా వీటిని వేసి చూడండి.

9.5.1 ఎందుకు ఓడిపోయానో తెలిసిందా?

తొక్కుడుబిళ్ల ఆటలో గీత తొక్కితే ఔట్. గీత అందరికీ కనిపిస్తుంది. తప్పు ఎవరిదో వివాదం ఉండదు. వైకుంఠపాళిలో పెద్దపాము నోట పడితే అది పందెం చేసిన పని. ఆడేవారి నైపుణ్యానికి అందులో చోటు లేదు. ప్లాట్‌ఫారం ఆట తొక్కుడుబిళ్ల కుటుంబానికి చెందినది. గీత కనిపించాలి. ఓడిన వెంటనే మీరు ఒక్క వాక్యంలో కారణం చెప్పగలగాలి: "తొందరపడి దూకాను", "దూకుడు ముందే వాడేశాను". అలా చెప్పలేకపోతే ఆటలో ఏదో లోపం ఉందని అనుమానించవచ్చు.

దీనికి ఎదురు ఉదాహరణగా లెవెల్ డెవిల్ అనే బ్రౌజర్ ఆటను చూడండి. తెరమీద ఒక చిన్న మనిషి, ఎదురుగా ఒక తలుపు, మధ్యలో చదునైన నేల. నడిచి వెళితే చాలనిపిస్తుంది. సగం దూరం వెళ్లేసరికి కాలికింద గొయ్యి తెరుచుకుంటుంది. తరువాతి గదిలో ముళ్లు కదిలి వస్తాయి. ఇంకోచోట తలుపే జరుగుతుంది. మొదటిసారి తప్పించుకోవడం దాదాపు అసాధ్యం. రెండోసారి మీకు గుర్తుంటుంది కనుక దాటుతారు. ఇక్కడ పరీక్షకు నిలిచేది ప్రధానంగా జ్ఞాపకం, నేర్పుది రెండో స్థానం.

మరి ఇది చెడ్డ ఆటేనా? తొందరపడి తీర్పు చెప్పకండి. ఇది హాస్యం. గొయ్యి తెరుచుకోగానే ఆటగాడు నవ్వుతాడు, పక్కనున్న స్నేహితుడు ఇంకా ఎక్కువ నవ్వుతాడు. పేరులోనే ఆట తన స్వభావాన్ని చెప్పేసింది. ఒక హాస్యగాణ్ణి "నువ్వు నిజం చెప్పలేదు" అని నిందించం. కాని హాస్యానికి ఆయుష్షు తక్కువ. ఇరవయ్యోసారి కాలికింద నేల పోయినప్పుడు నవ్వు రాదు. అందువల్ల ఈ రకం ఆటలను అవి ఎన్నిసార్లు కొత్తగా నవ్వించగలిగాయన్న ప్రమాణంతో కొలవాలి.

ఇదే దారిలో ఇంతకన్నా తెలివైన ఆట జాన్ కూనీ 2009లో చేసిన దిస్ ఈజ్ ది ఓన్లీ లెవెల్. ఒక నీలి ఏనుగు, ఒకే ఒక్క గది. ఆ గదినే 30 దశలలో దాటాలి. గది మారదు, నియమం మారుతుంది. ఒకసారి కుడి మీట నొక్కితే ఎడమకు వెళుతుంది, మరోసారి ఇంకేదో తలకిందులవుతుంది. ప్రతి దశకూ ఒక చిన్న పేరు ఉంటుంది. ఆ పేరులోనే సూచన దాగి ఉంటుంది. మోసగిస్తూనే తాళంచెవి చేతిలో పెట్టడం దీని ప్రత్యేకత.

9.5.2 ఓటమి ఖరీదు ఎంత?

ఓడిన తరువాత మళ్లీ ఆ చోటికే రావడానికి ఎంత సమయం పడుతుంది? దీన్నే మనం ఓటమి ఖరీదు అందాం. ఎడ్మండ్ మెక్‌మిలన్, జోనథన్ మెకెంటీ 2008లో న్యూగ్రౌండ్స్‌లో విడుదల చేసిన మీట్ బాయ్ ఎంతో కఠినమైన ఆట. ఎర్రని మాంసపు ముద్దలాంటి పాత్ర రంపాల మధ్యనుంచి దూకుతూ పోవాలి. కాని దశలు చిన్నవి, ఓడగానే మళ్లీ మొదలు. నిరాశ పడటానికి వ్యవధి ఉండదు. సెలెస్ట్ తొలి రూపం కూడా ఇంతే. పాత్ర పోయిన తరువాత సెకను కూడా గడవకముందే అదే గదిలో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. కష్టం ఎంత ఎక్కువైతే ఓటమి ఖరీదు అంత తక్కువగా ఉండాలన్నది ఈ ఆటలు పాటించిన నియమం.

ఈ ప్రశ్న దగ్గరే సెలెస్ట్ తొలి రూపంలోని లోపం కూడా బయటపడుతుంది. ఇది ఆట స్థితిని భద్రపరచదు. ఇరవై గదులు ఎక్కి ట్యాబ్ మూస్తే మళ్లీ మొదటి గదే. ఇంట్లో ఒకే కంప్యూటర్‌ను నలుగురు పంచుకునేచోట, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియనిచోట, ఇది చిన్న లోపం కాదు. గదికి గది న్యాయంగా ఉన్న ఆట, మొత్తంగా చూస్తే తీరిక ఉన్నవారి పక్షం వహించింది. నాలుగు రోజులలో తయారైన ఆట కనుక దీన్ని అర్థం చేసుకోవచ్చు. అర్థం చేసుకోవడం వేరు, లోపాన్ని చెప్పకుండా వదిలేయడం వేరు.

ఉచిత ఆటలకు మరో ఖరీదు కూడా ఉంది. కొన్ని వెబ్‌సైట్లలో ఓడిన తరువాత ప్రకటన వస్తుంది. పది సెకన్ల దశకు ముప్పై సెకన్ల ప్రకటన అడ్డు పడితే, ఆట తయారుచేసినవారు ఎంత శ్రద్ధతో ఓటమి ఖరీదు తగ్గించినా ప్రయోజనం ఉండదు. నాణెం వేసే యంత్రం వేరే రూపంలో తిరిగి వచ్చినట్లే. అప్పుడు డబ్బు తీసుకుంది, ఇప్పుడు సమయం తీసుకుంటున్నది.

9.5.3 ఆ కష్టానికి అర్థం ఉందా?

కొన్ని ఆటలలో కష్టం కథలో భాగమవుతుంది. టెర్రీ కావనా 2009లో చేసిన డోంట్ లుక్ బ్యాక్ ఇందుకు ఉదాహరణ. దీనికి ఆధారం గ్రీకు పురాణంలోని ఆర్ఫియస్ కథ. మరణించిన భార్యను తెచ్చుకోవడానికి అతడు పాతాళానికి వెళతాడు. తిరుగు ప్రయాణంలో వెనక్కి తిరిగి చూడకూడదన్నది షరతు.

ఆట ఒక సమాధి ముందు, వానలో మొదలవుతుంది. కొద్ది రంగులే. మాటలు దాదాపు లేవు. పాతాళం చేరేవరకు ఇది మామూలు ప్లాట్‌ఫారం ఆటే. తిరుగు ప్రయాణంలో మాత్రం ఆమె నీడ మీ వెనుక నడుస్తుంది. మీరు వెనక్కి తిరిగితే మాయమైపోతుంది. ఆలోచించండి: ఏ ప్లాట్‌ఫారం ఆటలోనైనా గొయ్యి ముందు నిలిచి ఒక అడుగు వెనక్కి వేసి, పరుగెత్తి దూకడం ఆటగాడికి అలవాటు. ఇన్నేళ్ల ఆ అలవాటునే ఈ ఆట తప్పుగా మారుస్తుంది. పురాణంలో ఆర్ఫియస్‌కు అంత చిన్న షరతు పాటించడం ఎందుకు కష్టమైందో మీ వేళ్లకే తెలుస్తుంది. పైగా ఈ నియమం దాచిపెట్టినది కాదు. ఆట పేరే హెచ్చరిక. కష్టం, న్యాయం, అర్థం మూడూ కలిసిన చోటు ఇది.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
(అ) తొక్కుడుబిళ్లకూ వైకుంఠపాళికీ ఓటమి విషయంలో ఉన్న తేడాను రెండు వాక్యాలలో రాయండి.
(ఆ) డోంట్ లుక్ బ్యాక్‌లో ఆటగాడి అలవాటు ఎలా తప్పుగా మారుతుంది?

9.6 ఎవరికి కష్టం?

ఇంతవరకు మనం ఆటగాడు అన్న మాటను అందరికీ ఒకే విధంగా వాడాం. నిజానికి అందరి చేతులూ, కళ్లూ, పరికరాలూ ఒకటి కావు. కీబోర్డు మీద ఆడటానికి చేసిన ఆటను ఫోన్‌లో, తెరమీద కనిపించే బొమ్మ మీటలను వేళ్లతో తడుముతూ ఆడితే అది మరో ఆట. మీట మీద వేలు పడిందో లేదో స్పర్శకు తెలియదు. అలాంటప్పుడు వచ్చే ఓటమిని ఆట కష్టంగా లెక్కగట్టకూడదు. మీరు రాసే విమర్శలో ఏ పరికరంపై ఆడారో తప్పనిసరిగా పేర్కొనండి.

2018లో వచ్చిన పెద్ద సెలెస్ట్ ఈ ప్రశ్నకు ఒక సమాధానం ఇచ్చింది. అది ఉచితం కాదు, బ్రౌజర్ ఆటా కాదు. కాని అందులోని సహాయ విధానం మన చర్చకు అవసరం. ఆట వేగాన్ని తగ్గించుకోవచ్చు, అవసరమైతే పాత్రకు ఓటమి లేకుండా కూడా చేసుకోవచ్చు. కష్టాన్ని కోరుకునేవారికి కష్టం అలాగే ఉంది. చేతులు సహకరించనివారికి తలుపు మూయలేదు. ఇలా చేస్తే విజయానికి విలువ తగ్గుతుందని వాదించేవారు ఉన్నారు. పక్కవాడు మెల్లగా ఎక్కినంత మాత్రాన మీరు ఎక్కిన కొండ ఎత్తు తగ్గదు.

9.7 విమర్శ రాయడం: ఒక నమూనా

ఈ రెండు వాక్యాలను పోల్చండి.

మొదటిది: "ఈ ఆట చాలా కష్టం. ఎన్నిసార్లు ఆడినా చచ్చిపోతున్నాం. అందుకే బాగోలేదు."

రెండోది: "కీబోర్డుపై గంటసేపు ఆడాను. ఓడిన ప్రతిసారీ కారణం తెలిసింది, మళ్లీ మొదలుపెట్టడానికి సెకను పట్టలేదు. కాని ట్యాబ్ మూస్తే ప్రగతి అంతా పోతుంది. విడివిడిగా గదులు న్యాయంగా ఉన్నా ఆట మొత్తం తీరిక లేనివారికి అనుకూలంగా లేదు."

మొదటి వాక్యంతో ఎవరూ వాదించలేరు, ఎందుకంటే అందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. రెండోదానిలో ప్రతి మాటనూ మరొకరు ఆడి సరిచూడవచ్చు. ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. విమర్శకు ఉండవలసిన గుణం ఇదే.

9.8 సారాంశం

ప్లాట్‌ఫారం ఆట దూకడం అనే చర్య చుట్టూ అల్లుకున్నది. ఉచిత బ్రౌజర్ ఆటను ఆటగాడు ఏ క్షణంలోనైనా వదిలి వెళ్లగలడు కనుక, ప్రతి ఓటమి తరువాతా అతని నమ్మకాన్ని ఆట సంపాదించుకోవాలి. ఆకర్షణ అతణ్ణి లోపలికి పిలుస్తుంది. న్యాయమైన కష్టం నిలిపి ఉంచుతుంది. కష్టాన్ని అంచనా వేయడానికి ఓటమికి కారణం తెలిసిందా, ఓటమి ఖరీదు ఎంత, ఆ కష్టానికి అర్థం ఉందా అన్న మూడు ప్రశ్నలు ఉపయోగపడతాయి. వీటితోపాటు ఎవరికి, ఏ పరికరంపై కష్టం అన్నది కూడా విమర్శకుడు గమనించాలి.

9.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కష్టమైన ఆటకూ అన్యాయమైన ఆటకూ గల భేదాన్ని ఉదాహరణలతో వివరించండి.
2. మీకు నచ్చిన ఒక ఉచిత ఆటను ఈ పాఠంలోని మూడు ప్రశ్నల ఆధారంగా విమర్శించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఓటమి ఖరీదు అంటే ఏమిటి? ప్రకటనలు దానిని ఎలా పెంచుతాయి?
2. సహాయ విధానం వల్ల విజయానికి విలువ తగ్గుతుందా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.